మంచి మాటైనా సరే

గంగాదేవి పనిచేసే గదికి పేరుపలక లేదు. ముందు ఉండేది. ఎర్ర అక్షరాలతో, వరండా ఆ కొస నుంచి కూడా కనబడేటంత పెద్దది. ఆమె తాడిపత్రి ఆసుపత్రిలో కౌన్సిలరుగా చేరిన కొత్తల్లో ఒకామె ఆ పలక చదువుకుంటూ గుమ్మం దాకా వచ్చి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగి పోయింది. మళ్ళీ రాలేదు. గంగాదేవి డాక్టరు వెంటబడి ఆ పలక తీయించేసింది. అది హెచ్ఐవి పరీక్షల గది. పక్కన షుగరు పరీక్షల గది. రెండు గదుల బెంచీలనూ కలిపి ఒకే వరసలో వేయించింది, ఎవరు దేనికి కూర్చున్నారో చూసేవాళ్ళకు తెలీకుండా. వచ్చినవాళ్ళను పేర్లు పెట్టి కేకేయడం మాన్పించింది. బజార్లోనో బస్సులోనో తన గదికి వచ్చినవాళ్ళు ఎదురైతే, వాళ్ళు పలకరిస్తే తప్ప తాను పలకరించదు. "ఉద్యోగం వచ్చినాక గంగకు పొగరొచ్చింది" అన్నవాళ్ళు ఉన్నారు. అంటే అననీ అనుకునేది.

ఎన్ని చేసినా తలుపు తలుపే. అందులోనుంచి బయటికి వచ్చే మనిషిని ఎవరో ఒకరు చూడనే చూస్తారు.

ఆ చూసినవాడు ఆమె చిన్నాయన గోవిందప్ప అయినాడు.

ఒక ఆదివారం పొద్దున గోవిందప్ప, ఆయన భార్య ఆంజినమ్మ యాడికి అనే ఊరి దగ్గర తమ పల్లె నుంచి బస్సెక్కి వచ్చినారు. ఆంజినమ్మ గంగాదేవి తల్లికి సొంత చెల్లెలు. మామూలుగా అయితే ఆమె వీధి మలుపు తిరగకముందే గొంతు వినపడేది. ఆ పొద్దు సద్దు లేకుండా వచ్చి చాప మీద అక్క పక్కన కూర్చుంది. గంగాదేవి కాఫీ గ్లాసులు తెచ్చి ముందర పెట్టింది.

"గంగా, ఒగ మాట అడగల్ల నిన్ను" అన్నాడు గోవిందప్ప. "మొన్న నేను మోకాలు చూపించుకుందామని మీ ఆసుపత్రికొచ్చింటి గదా. ఆడ తిప్పేషు కనపడినాడు."

తిప్పేషు అంటే వాళ్ళ కూతురు జయంతికి అనుకున్న పిల్లోడు. ముదిగుబ్బ పక్క పల్లెటూరివాడు. తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేస్తాడు. పెండ్లిచూపులు అయిపోయినాయి, ఇద్దరూ ఒకరికొకరు నచ్చినారు, తాంబూలాలకు మంచిరోజు చూస్తున్నారు. ఆ చూపులకు గంగాదేవి పోలేదు, డ్యూటీ పడింది. తర్వాత జయంతి ఫోనుకు ఫోటో పంపించింది. ఆ ఫోటోను గంగాదేవి రెండుసార్లు పెద్దది చేసి చూసి, "బాగుండాడు" అని మాత్రం రాసింది.

"కనపడితే ఏమి చిన్నాయనా? ఆసుపత్రికి అందరూ వస్తారు."

"నీ రూములోంచి వచ్చినాడమ్మా. నా కండ్లతో నేను చూసినా. నన్ను చూసి దండం గూడా పెట్టినాడు."

ఆంజినమ్మ చాప మీద ముందుకు జరిగింది. "చూడు గంగా, నువ్వేమీ చెప్పొద్దు. నేనడుగుతా, తల ఊపు, చాలు. ఆ పిల్లోనికి ఆ రోగముండాదా, లేదా?"

లేదు. ఆ సంగతి గంగాదేవికి తెలుసు. తన పేరు తెలిసినంత బాగా తెలుసు.

తిప్పేషు ఆ గదికి వచ్చింది తన కోసం కాదు. ఫ్యాక్టరీలో అతనికి పని నేర్పిన మేస్త్రీ శ్రీరంగప్ప కోసం. పెద్దాయన పరీక్షకు వచ్చిన మొదటిరోజు కుర్చీలో కూర్చుని చెయ్యి చాపలేకపోయినాడు. చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటాడు, మళ్ళీ దించుకుంటాడు. తోడు వచ్చిన తిప్పేషు పక్క కుర్చీ లాక్కుని కూర్చుని, "నాది గూడా తీయక్కా. ముందు నాదే తీయి" అని చెయ్యి చాపినాడు. తిప్పేషుకు ఏమీ లేదు. శ్రీరంగప్పకు ఉంది. అప్పటినుంచి పెద్దాయన మాత్రల కోసం వచ్చిన ప్రతిసారీ తిప్పేషు తోడు వస్తున్నాడు. శ్రీరంగప్ప సంగతి ఈ లోకంలో తెలిసిన బయటిమనిషి అతనొక్కడే.

"పిల్లోడు బంగారం చిన్నమ్మా, కండ్లు మూసుకుని చెయ్యి" అనే మాట గంగాదేవి నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట. అది కూడా మంచి మాట. చెప్తే ముగ్గురి మొహాలూ వెలుగుతాయి. కానీ ఆ వెంటనే చిన్నాయన అడిగే మాటేందో కూడా ఆమెకు తెలుసు. "మరి వానికి ఆ రూములో ఏం పని?" దానికి జవాబు శ్రీరంగప్ప దగ్గరికి పోయి ఆగుతుంది. ఇంకొకటి కూడా ఉంది. ఈరోజు 'ఏమీ లేదు' అని చెప్తే, రేపు ఇంకొకరి సంగతి అడగడానికి ఇంకొకరు వస్తారు. ఆరోజు ఏమీ లేదని చెప్పలేకపోతే, ఊరకుండడమే జవాబైపోతుంది. మంచి మాటకు తెరిచిన నోరు, మూసినప్పుడల్లా చెడ్డమాట చెప్పినట్లే.

"చిన్నమ్మా" అంది మెల్లిగా, "ఆ గదికి ఎవరు వస్తారు, ఎందుకొస్తారు అనేది నేను చెప్పేది కాదు. మంచైనా చెప్పను, చెడైనా చెప్పను. తిప్పేషు గురించనే కాదు, ఎవరి గురించైనా ఇంతే."

"నేను చూసినా అంటాండా గదా!" అన్నాడు గోవిందప్ప.

"నువ్వు చూసింది నువ్వు చూసినావు చిన్నాయనా. దాని మీద నేను అవుననీ అనను, కాదనీ అనను. అయితే ఒకటి చెప్తా, ఇది నన్నెవరడిగినా చెప్తా. పెండ్లికి ముందర పిల్లా పిల్లోడూ ఇద్దరూ నెత్తురు పరీక్ష చేయించుకోండి. ఇద్దరూ. అందులో తప్పేమీ లేదు."

"యాడన్నా ఉండాదా ఆ మాట?" ఆంజినమ్మ గొంతు లేచింది. "కుదరబోయే సంబంధం, పోయి 'నీ నెత్తురు చూపించప్పా' అని అడుగుతామా? మొగాన ఉమ్మినట్ల గాదా? మల్ల మన పిల్లను గూడా తీస్కపోయి సూది పొడిపించల్లనా? నీకు తెలిసింది నోరు తెరిచి చెప్పేదానికి ఇంత రామాయణమా?"

గంగాదేవి కాఫీ గ్లాసును ఆమె దగ్గరికి జరిపింది.

"మీ అమ్మ జబ్బుతో మంచాన పడితే నిన్ను సంకనేసుకుని వంక దాటించి ఇస్కూలుకు పంపినదాన్ని నేను. నా బిడ్డ వేరే, నువ్వు వేరే అని యానాడన్నా అనుకున్నానా?" ఆంజినమ్మ కండ్లలో నీళ్ళు తిరిగినాయి. "ఏమీ లేకపోతే లేదని చెప్పిండేదానివి. చెప్పలేదంటేనే తెలుస్తాంది."

"అట్ల అనుకోవద్దు చిన్నమ్మా. నీ గురించి ఎవరన్నా వచ్చి అడిగినా ఇదే చెప్తా. నిజంగా చెప్తాండా, నేను చెప్పకపోవడానికి అర్థం తీయొద్దు."

కానీ ఆంజినమ్మ అప్పటికే లేచింది. కాఫీ చల్లారిపోయింది. గోవిందప్ప గడప దాటుతూ వెనక్కి చూసినాడు, ఆయన చూపులో కోపం కంటే ఎక్కువగా బాధ కనపడింది. గంగాదేవి ఆయన వెంట వీధి దాకా పోయి, "చిన్నాయనా, ఒక్కటి. నువ్వు చూసిందాన్ని ఊర్లో యాడా అనొద్దు. ఊరికే ఒగరి బతుకు మీద నిప్పేసినట్లయితాది" అంది.

"నాకు తెలీదా? నాకూ ఆడబిడ్డ ఉండాది" అన్నాడాయన, మొహం తిప్పుకుని.

లోపల తల్లి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "నీ గుండె రాయేమే" అంది ఒకే ఒక్క మాట. ఆ పూట తల్లీ కూతురూ ఒకరినొకరు చూడకుండా అన్నం తిన్నారు.

మరుసటి రోజు ఆసుపత్రిలో అటెండరు ఓబన్న నవ్వుకుంటూ వచ్చినాడు. "అక్కా, మీ చిన్నాయన పొద్దున్నే వచ్చినాడు. నాకు ఉగ్గాని తినిపించినాడు, బజ్జీలు గూడా. టీ తాపించినాడు. అంతా అయినాక ఆ పిల్లోని సంగతి చెప్పప్పా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"నాకేం తెలుసక్కా చెప్పేదానికి? ఆ బీరువా తాళం నువ్వు నా చేతికి ఎప్పుడన్నా ఇస్తివా?" ఓబన్న పొట్ట నిమురుకున్నాడు. "పాపం, పెద్దమనిషి. బజ్జీలు మాత్రం బాగుండె."

గంగాదేవికి నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. నొప్పి మోకాలితో మెట్లెక్కి వచ్చి, ముక్కూ మొహం తెలీనివాణ్ణి బతిమాలుకుని పోయినాడు చిన్నాయన. తానుండీ.

ఆ వారంలోనే ఆంజినమ్మ వాళ్ళు ముదిగుబ్బ పక్కకు, పిల్లోని వాళ్ళకు కబురు చేసినారు, జాతకాలు కలవలేదని.

నెల తిరిగింది. శ్రీరంగప్ప, తిప్పేషు వచ్చినారు. ఇద్దరి చొక్కాల మీదా, రెప్పల మీదా బండల పొడి. పెద్దాయన మాత్రల కోసం పక్క కిటికీ దగ్గరికి పోయినాక గంగాదేవి తిప్పేషును లోపల కూర్చోమంది. తలుపు వేసింది.

"తిప్పేషూ, నీకొకటి చెప్పల్ల. జయంతి మా చిన్నమ్మ కూతురు. నువ్వు చూసిన పిల్ల."

అతను తల ఎత్తినాడు. "ఆ పొద్దు వరండాలో కనపడిన ఆయప్ప..." అన్నాడు.

"మా చిన్నాయన. ఇంటికొచ్చి అడిగినారు. నేనేమీ చెప్పలేదు. నువ్వొచ్చినావని చెప్పలేదు, రాలేదని చెప్పలేదు, ఏముండాదో లేదో చెప్పలేదు. చెప్పలేదు కాబట్టే వాళ్ళు ఏదో అనుకున్నారు. సంబంధం అందుకే ఆగిపోయింది. ఇది నీకు తెలియల్ల."

తిప్పేషు అరచేతుల్లోకి చూసుకున్నాడు. నీళ్ళలో, పొడిలో నానీ నానీ ఆ చేతులు తెల్లగా చీలి ఉన్నాయి.

"నీ సంగతి నీది" అంది గంగాదేవి. "నువ్వు చెప్పుకోవచ్చు. ఎవరూ అడ్డం లేరు. నీ కాగితం నీకిస్తా, తీసుకపోయి చూపించుకోవచ్చు."

"చూపించచ్చక్కా. 'మరి ఆడికి యాల పోయినావు' అంటారు గదా. ఏమని చెప్పల్ల? అబద్ధం చెప్పేదానికి నాకు రాదు. నిజం చెప్తే మేస్త్రీ పోతాడు." కిటికీ వైపు చూసినాడు. శ్రీరంగప్ప మాత్రల సంచిని మడిచి, ఇంకా మడిచి, రుమాల్లో చుట్టి, చొక్కా లోపల దాచుకుంటున్నాడు. "ఆయప్పకు కోడండ్లు ఉండారు. మనవళ్ళను ఎత్తుకుంటాడు. తెలిస్తే పిల్లోళ్ళను ఆయన దగ్గరికి పోనీరు. నేను మాటిచ్చినా. సంబంధాలు మల్ల వస్తాయి లేక్కా."

ఆ చివరి మాట అతను తేలిగ్గా అనబోయినాడు గానీ అనలేకపోయినాడు. గంగాదేవి నీళ్ళ సీసా అందించింది. తన పనిలో తాను ఒంటరినని అన్నాళ్ళూ అనుకునేది. ఇదిగో, ఏ ట్రైనింగూ లేనివాడు, తనలాగానే ఎవరి మాటనో కడుపులో పెట్టుకుని, దానికి తన పెండ్లినే ఇచ్చేసి కూర్చున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం జయంతి ఒక్కతే వచ్చింది. యాడికిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తుంది ఆ పిల్ల. వచ్చి, పెద్దమ్మ పక్కన కూర్చుని విత్తనాలకు చెనిక్కాయలు వొలిచింది. పెద్దమ్మ కునుకు తీసినాక గంగాదేవి దగ్గరికి జరిగింది.

"అక్కా, నేను నిన్నేమీ అడగను. అమ్మా నాయనా అడిగింది అడగను."

"మల్ల?"

"ఇద్దరూ పరీక్ష చేయించుకోండని నువ్వన్నావంట. అమ్మ తిట్టుకుంటా చెప్పింది. నాకదే సరిగ్గా ఉండాది అనిపించింది. అతని నంబరు నా దగ్గరుండాది. నేనే అడుగుతా. తప్పా?"

"తప్పేముండాది? నీ పెండ్లి, నీ ఒళ్ళు."

"నీ రూముకే వస్తాం."

"నా రూముకు రావద్దు" అంది గంగాదేవి. "నేను నీకు అక్కను. మీ సంగతి నాకు తెలియాల్సిన పనిలేదు. అనంతపురం పోండి. ఆడ మిమ్మల్ని ఎరిగినవాళ్ళు లేరు. ఫలితం వచ్చినాక కూడా నాకు చెప్పాలనేమీ లేదు."

జయంతి నవ్వింది. "నువ్వు మనిషివి కాదక్కా, ఇనప్పెట్టెవి."

ఆమె ఫోను చేసినప్పుడు తిప్పేషు ఏమన్నాడో, అనంతపురం బస్సులో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో గంగాదేవికి చాలా తర్వాత జయంతే చెప్పింది. పోయినారు, ఇద్దరూ చెయ్యి చాపినారు, కాగితాలు తీసుకుని బస్టాండులో అరుగు మీద కూర్చుని ఒకరిది ఒకరు చదువుకున్నారు. ఇద్దరికీ ఏమీ లేదు. అప్పుడు జయంతి అడిగిందంట, "మరి ఆ పొద్దు తాడిపత్రిలో ఆ రూముకు యాల పోయినావు?" అని.

"ఒగరికి తోడు పోయినా. ఎవరని మాత్రం అడగద్దు. నీకు గూడా చెప్పను" అన్నాడంట తిప్పేషు.

"మల్ల నువ్వేమన్నావు?" అంది గంగాదేవి.

"ఏమంటా? మజ్జిగ తాగుదాం రా అన్నా." జయంతి చేతిగాజులు సర్దుకుంది. "నేనట్లడిగినాక కోపమొచ్చి ఎగిరిపడతాడనుకున్నా. తోడు పోయినవాళ్ళ పేరు చెప్పేసి తాను మంచోడు అనిపించుకుంటాడనుకున్నా. రెండూ చేయలేదు. అంతేనక్కా, ఇంక నాకేమీ అడగాలనిపించలేదు."

కాగితాలు రెండూ జయంతే తీసుకపోయి అమ్మానాయనల ముందర పెట్టింది, సంబంధం మళ్ళీ కలిసింది. చెనిక్కాయ పెరికి, కట్టె ఎండి, కాయ ఇంటికి చేరినాక పెండ్లి జరిగింది. ఆ ఏడు వాన మొహం చాటేసి, ఆఖర్లో ఒక్క పదును మాత్రం కురిసింది. ఎకరాకు అరబండి కాయలు కూడా కాలేదు. అయినా గోవిందప్ప బెల్లం పూర్ణంతో ఓళిగలు పెట్టించినాడు. పందిట్లో గంగాదేవి భోజనానికి కూర్చుంటే, పిల్లోని తరఫు పెద్దగా వచ్చిన శ్రీరంగప్ప ఓళిగల బుట్ట పట్టుకుని బంతి వెంట వస్తున్నాడు. తెల్ల పంచె, కొత్త తువ్వాలు. మనిషి ఒళ్ళు చేసినాడు, మాత్రలు పట్టినట్లున్నాయి. గంగాదేవి తల వంచుకుని ఆకులోకి చూస్తూ కూర్చుంది. ఆయన ఆమె ముందర ఆగినాడు.

"ఇంగొకటి వేసుకో తల్లీ. నెయ్యి పోయల్లనా?" అన్నాడు, ముందెన్నడూ చూడని మనిషిని అడిగినట్లే.

"పోయండి" అంది గంగాదేవి, అట్లే.

పక్కనే కూర్చున్న గోవిందప్ప, "చూడమ్మా, ఎంత మర్యాదస్తుడో. మా అల్లునికి పని నేర్పిన గురువంట" అన్నాడు గర్వంగా. ఆమె ఓళిగ తుంచి నెయ్యిలో అద్దుకుంది.

ఆంజినమ్మ కోపం మాత్రం తగ్గలేదు. పైగా పెరిగింది. పిల్లోనికి ఏమీ లేదని తెలిసినాక ఆమెకు ఇంకా మండింది. చెడ్డమాట దాచింటే అర్థముండాది, ఇంత మంచి మాట కడుపులో పెట్టుకుని మమ్మల్ని ఎందుకు కాల్చింది అని అక్కతో అంది, అక్క వచ్చి గంగాదేవితో అంది. పెండ్లిలో గంగాదేవి చీర పెడితే తీసుకుంది గానీ మొహం చూడలేదు. గంగాదేవి సర్దిచెప్పుకోవాలని చూడలేదు. ఏం చెప్పినా అది తిప్పేషు మాటో, శ్రీరంగప్ప మాటో అవుతుంది. చిన్నమ్మ తనను చూసి వాకిట్లోకి ఎదురొచ్చే రోజులు పోయినాయని మాత్రం అప్పుడప్పుడు పొద్దున జడ వేసుకుంటా తలుచుకునేది. చిన్నప్పుడు ఆ జడ వేసింది ఆమే.

ఎండలు ముదిరినాక ఒకరోజు మధ్యాహ్నం, బెంచీలన్నీ ఖాళీ అయినాక, తలుపు దగ్గర అలికిడైంది. ఆంజినమ్మ. ఒక్కతే వచ్చింది. చెమటకు రవిక తడిసిపోయింది. ఇంటికి పోకుండా నేరుగా ఇక్కడికి వచ్చినట్లుంది. లోపలికొచ్చి తలుపు తానే వేసి, కుర్చీలో కూర్చుంది.

"చిన్నమ్మా, నీళ్ళు తాగు."

ఆంజినమ్మ సీసా ఎత్తి గడగడా తాగింది. మూతి తుడుచుకుంది. కిటికీ వైపు చూస్తూ, గొంతు బాగా తగ్గించి, "రొమ్ములో గడ్డ ఉండాది" అంది. "పండగ ముందరనుంచి. మీ చిన్నాయనకు చెప్పలేదు. జయంతికి చెప్పలేదు. కొత్త కాపురం, భయపడతాది. నాకు గూడా భయంగా ఉండాదే."

గంగాదేవి లేచి వచ్చి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. నొప్పుందా, రంగు మారిందా అని నిదానంగా అడిగింది. ఆంజినమ్మ అన్నీ చెప్పింది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేని మనిషి చెప్పినట్లు, ఆగకుండా చెప్పింది. మీ అమ్మకు చెప్పొద్దు అని మాత్రం అనలేదు. ఆ మాట అనాల్సిన పని లేదని ఆమెకు తెలుసు.

"లేడీ డాక్టరు ఇంకా పోలేదు. ఇప్పుడే చూపిద్దాం. నేను తోడు వస్తా" అంది గంగాదేవి.

"నీ పని?"

"తలుపుకు తాళమేస్తా."

వరండాలో నడుస్తుంటే ఆంజినమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. పాత సంగతి ఎవరూ ఎత్తలేదు.

డాక్టరు అనంతపురం పంపించింది. గంగాదేవి సెలవు పెట్టి వెంట పోయింది. ముక్క తీసి పరీక్షకు పంపినారు. ఫలితం వచ్చేదాకా ఆంజినమ్మ పల్లెలో, గంగాదేవి తాడిపత్రిలో, ఇద్దరూ మామూలుగా వంట చేసుకున్నారు, మామూలుగా నవ్వినారు. అది చెడ్డ గడ్డ కాదని తేలింది. చిన్న ఆపరేషనుతో తీసేసినారు. అప్పుడే ఆంజినమ్మ మొగుడికి చెప్పింది, కూతురికి చెప్పింది, ఆఖరున అక్క దగ్గరికి వచ్చి, కుట్లు చూపించి, మొదటినుంచి చివరిదాకా కథలాగా చెప్పింది.

గంగాదేవి డ్యూటీ నుంచి వచ్చేసరికి తల్లి వాకిట్లోనే కాచుకుని ఉంది.

"ఆంజినికి ఇంత జరిగింది, నీకు తెలుసు. నా ఎదురుగానే తిరుగుతాంటివి, నాకొక్క మాట చెప్పలేదు. సొంత చెల్లెలు గదే నాకు!"

గంగాదేవి చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుంది. లోపల చాప మీద కూర్చున్న ఆంజినమ్మ అక్కడినుంచే కేకేసింది.

"దాన్ని ఏమీ అనొద్దక్కా. నువ్వు ఇట్ల రా, మజ్జిగ చేసినా తాగుదువు."

తల్లి గొణుక్కుంటా లోపలికి పోయింది. గంగాదేవి చెంబు బోర్లించి, మొహం కొంగుతో తుడుచుకుని, వాళ్ళిద్దరి పక్కన పోయి కూర్చుంది.